సౌరశక్తి – ఈతకొలను

పాఠం ఉద్దేశం

సూర్యరశ్మిని ఉష్ణంగా, విద్యుత్తుగా మార్చుకొని నిత్యజీవితంలో వినియోగించుకొనే విధానాన్ని ఒక ఇంటి ఈతకొలను ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం, మెట్టప్రాంతాలలో శక్తితోపాటు నీటిని కూడా లెక్కించి వాడవలసిన ఆవశ్యకతను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జలం, తేజస్సు పంచభూతాలలోనివి. నీటిలో మునిగి తేలడం మానవునికి శైశవం నుండి ఆనందాన్నిచ్చే విషయం. ప్రాచీన కాలం నుండి మనవారు జలక్రీడకు గొప్ప స్థానమిచ్చారు. కావ్యాలలో ఉండదగిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ ఒకటి. సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో నగరంలో సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గల మహాస్నానవాటిక తవ్వకాలలో బయటపడింది. నీరు ఇంకిపోకుండా దాని గోడలకు తారు వంటి పదార్థాన్ని పూసిన ఆనాటి నిర్మాతల నేర్పు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. విజయనగర చక్రవర్తుల రాజధానియైన హంపిలో రాతి కాలువల ద్వారా నీరు పారి నిండే మెట్లకోనేరు కనిపిస్తుంది. రాయలసీమ పల్లెలలోని దిగుడుబావులు దాహం తీర్చడంతోపాటు తరతరాల బాలురకు ఈత నేర్పిన పాఠశాలలు కూడా.

తేజస్సుకు మూలం సూర్యుడు. అరణ్యవాసానికి బయలుదేరిన ధర్మరాజు, తనవెంట వచ్చిన విప్రులకు అన్నం పెట్టే మార్గం తోచక, ధౌమ్యుని ఉపదేశంతో సూర్యుని ఆరాధించి అక్షయపాత్రను పొందాడని భారత కథ. ఎండ అన్నంగా మారుతుందన్న భావన ఈ కథలో ఉంది. ఆ భావనే ఆధునిక యుగంలో మరొక రూపంలో నిజమైంది. 2002లో తిరుమలలో నెలకొల్పిన సౌర వంటశాలలో పుటాకార దర్పణాలు సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి నీటిని ఆవిరిగా మార్చాయి. రోజుకు సుమారు 15,000 మందికి ఆ ఆవిరితో వండగలిగేలా దానిని రూపొందించారు. ఎండతో అన్నం ఉడికించవచ్చునన్నప్పుడు, ఎండతో ఒక కొలనులోని నీటిని గోరువెచ్చగా ఉంచడం, ఆ నీటిని కదిలించి వడపోయడం అసాధ్యం కాదు కదా! అది ఏ విధంగా సాధ్యమో, దానికి ఎంత శక్తి, ఎంత నీరు కావాలో పరిశీలించడం ఆసక్తికరమైన విషయం.

పడమటి మండలాల ఎండ

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను పడమటి మండలాలని వ్యవహరిస్తారు. పెద్దమండ్యం ఆ మండలాలలో ఒకటి. ఇది గుట్టలు, వంకలు, చిన్న చెరువులు, మెట్టపొలాలు గల సీమ. వేరుశనగ, టమాటా ఇక్కడి రైతుకు తెలిసిన పంటలు. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరు పొందింది. సముద్రమట్టానికి ఎత్తుగా ఉన్న పీఠభూమి కావడం వల్ల ఇక్కడ చలికాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. సమీపంలోని హార్స్‌లీ కొండలు వేసవి విడిదిగా ప్రసిద్ధి పొందడానికి కారణం కూడా ఈ చల్లదనమే.

వాన ఈ సీమకు లోటు. ఎండ మాత్రం లోటు కాదు. ఏడాదిలో ఎక్కువ దినాలు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఒక చదరపు మీటరు నేలపై రోజుకు సగటున 5 యూనిట్లకు తక్కువ కాని సౌరశక్తి పడుతుంది. యూనిట్ అంటే ఒక కిలోవాట్ శక్తిని ఒక గంటసేపు వాడినప్పుడు అయ్యే పరిమాణం. ఈ సంపదను గుర్తించడం వల్లనే ఇక్కడికి పొరుగున ఉన్న నంబులపూలకుంట, గాలివీడు మండలాలలో భారీ సౌరవిద్యుత్ పార్కు ఏర్పడింది. 2016లో ఎన్.టి.పి.సి. సంస్థ నంబులపూలకుంట వద్ద 250 మెగావాట్ల కేంద్రాన్ని నడపనారంభించింది. 2025 జనవరిలో కుప్పం ప్రాంతంలోని నడిమూరు గ్రామంలో ఇళ్ళ మిద్దెలపై సౌరఫలకాలు అమర్చే పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. ఒకనాడు పంటను మాడ్చేదిగా మాత్రమే తోచిన ఎండ నేడు ఈ సీమకు ఒక వనరుగా మారింది.

ఎండను బంధించే విద్య

ఎండను పెట్టెలో బంధించవచ్చునని మొదట ప్రయోగపూర్వకంగా చూపినవాడు స్విట్జర్లాండు శాస్త్రవేత్త హొరేస్ బెనెడిక్ట్ డి సొస్యూర్. ఆయన 1767లో నల్లని అడుగు గల పెట్టెకు గాజుపలకలు బిగించి ఎండలో ఉంచగా, లోపలి వేడి నీరు మరిగే స్థాయిని దాటింది. గాజు వెలుగును లోనికి రానిస్తుంది. లోపలి వేడిని బయటికి సులభంగా పోనివ్వదు. నలుపు రంగు వెలుగును తనలోకి తీసుకొని వేడిగా మారుస్తుంది. ఈ రెండు సూత్రాలే చాలా సౌర ఉష్ణయంత్రాలకు పునాది. 1891లో అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి క్లారెన్స్ కెంప్ నీళ్ళు కాచే సౌరయంత్రానికి పేటెంటు పొంది, దానిని అమ్మకానికి పెట్టాడు.

ఎండను విద్యుత్తుగా మార్చే విద్య దీనికి భిన్నమైనది. కొన్ని పదార్థాలపై వెలుగు పడినప్పుడు విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనుగొన్నాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికాన్‌తో చేసిన సౌరఘటం తయారైంది. తనపై పడిన వెలుగులో ఆ ఘటం విద్యుత్తుగా మార్చినది నూటికి ఆరు పాళ్ళు మాత్రమే. నేటి ఫలకాలు నూటికి ఇరవై పాళ్ళకు పైగా మార్చగలుగుతున్నాయి. 2010లో మన దేశం జాతీయ సౌరశక్తి కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2025 నాటికి దేశంలోని సౌరవిద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లను దాటింది.

ఈ రెండు విద్యలకూ ఈతకొలను వద్ద పని ఉంది. నీటిని వెచ్చబరచడానికి మొదటిది, నీటిని కదిలించడానికి రెండవది ఉపయోగిస్తాయి.

కొలనుకు కావలసిన వేడి

ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున ఒకటింపావు మీటరు లోతు గల ఒక చిన్న ఇంటి కొలనును ఊహించుకుందాం. దాని నీటి ఉపరితలం 32 చదరపు మీటర్లు. అందులో పట్టే నీరు 40 ఘనమీటర్లు, అనగా 40,000 లీటర్లు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. ఈ లెక్కన మొత్తం నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 46 యూనిట్లు అవసరమవుతాయి.

చలికాలంలో కొలను నీరు 22 డిగ్రీలకు దిగిందనుకుందాం. ఈతకు హాయిగా ఉండే వేడి 27 డిగ్రీలు. ఈ ఐదు డిగ్రీల తేడాను పూడ్చడానికి సుమారు 230 యూనిట్లు కావాలి. సాధారణ విద్యుత్ హీటరుతో ఈ పని చేస్తే, ఒక మధ్యతరగతి కుటుంబం ఒక నెలలో వాడుకొనే కరెంటుకు మించినంత ఖర్చు ఒక్కసారికే అవుతుంది. అంతటితో అది ముగియదు. రాత్రి గడిచేసరికి నీరు మళ్ళీ చల్లబడుతుంది; మరునాడు మళ్ళీ వేడెక్కించవలసి వస్తుంది. కనుకనే కొలనును కరెంటుతో కాచడం సంపన్నులకు కూడా భారమవుతుంది.

అయితే కొలను తనంత తానుగా ఒక సౌరయంత్రం. 32 చదరపు మీటర్ల ఉపరితలంపై రోజుకు సుమారు 160 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. అందులో నాలుగింట మూడు వంతుల వరకు నీరు గ్రహిస్తుంది. కొలను ఆగ్నేయ, దక్షిణ, నైరుతి దిశలలో చెట్ల నీడ లేకుండా ఎండ తగిలేచోట ఉంటే, ఏ యంత్రమూ లేకుండానే ఈ లాభం కలుగుతుంది. స్థలం ఎంపికలోనే సగం పని నెరవేరుతుందని దీనివల్ల గ్రహించాలి.

వేడిని పట్టే పలకలు

సహజంగా అందే వేడి చాలనప్పుడు ఉష్ణగ్రాహక పలకలను అమర్చుకోవాలి. ఇవి మూడు విధాలు. నల్లని ప్లాస్టిక్ లేదా రబ్బరు గొట్టాలను చాపవలె పక్కపక్కన అల్లినవి మొదటి రకం. వీటికి గాజుకప్పు ఉండదు. నల్లరంగు పూసిన రాగిరేకుకు గొట్టాలు అతికించి, పైన గాజు బిగించినవి రెండవ రకం. ఇళ్ళలో స్నానపు నీటికి ఇటువంటి పెట్టెలను వాడతారు. రెండు పొరల గాజు గొట్టాల నడుమ గాలిని తీసివేసినవి మూడవ రకం.

గాజు ఉన్నదే మేలైనదని తొలిచూపులో తోస్తుంది. స్నానానికి 60 డిగ్రీల నీరు కావాలన్నప్పుడు ఆ మాట నిజం. కాని కొలనుకు కావలసినది 27 లేక 28 డిగ్రీలు మాత్రమే. పలకలోని నీటికీ, చుట్టూ ఉన్న గాలికీ వేడిలో అంతగా తేడా లేనప్పుడు బయటికి పోయే వేడి కూడా స్వల్పం. అందువల్ల గాజు లేని నల్లని గొట్టాల చాపే కొలనుకు తక్కువ ఖర్చుతో తగినదవుతుంది. పైగా కొలను నీటిలో కలిపే క్లోరిన్ రాగిని తినివేస్తుంది. ప్లాస్టిక్‌ను అంతగా బాధించదు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో ఇటువంటి పలకలు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి.

ఈ పలకల వైశాల్యం కొలను ఉపరితలంలో కనీసం సగం ఉండాలని నిపుణుల అభిప్రాయం. చలిప్రాంతాలలో కొలనుతో సమానంగా కూడా అమరుస్తారు. పైన ఊహించిన కొలనుకు 20 చదరపు మీటర్ల పలకలు అమర్చామనుకుందాం. రోజుకు 5 యూనిట్ల చొప్పున వాటిపై 100 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. అందులో నూటికి అరవై వంతులు నీటికి చేరితే 60 యూనిట్లు. దానితో కొలను నీరు రోజుకు సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కుతుంది. వేడి బయటికి పోకుండా కాపాడుకోగలిగితే నాలుగు రోజులలో ఐదు డిగ్రీలు పెరుగుతుంది.

పలకలను మిద్దెపై దక్షిణాభిముఖంగా అమర్చాలి. పెద్దమండ్యం ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 14 డిగ్రీల అక్షాంశంపై ఉంది. ఏడాది పొడవునా వాడే పలకలకు అంతే వాలు చాలు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కనుక, ఆ కాలానికి ప్రధానంగా వాడదలచినవారు వాలును 25 నుండి 30 డిగ్రీల వరకు పెంచుకోవాలి.

వడపోతయంత్రం నుండి వచ్చిన నీటిని ఒక కవాటం పలకల వైపు మళ్ళిస్తుంది. పలకల వద్ద ఒకటి, కొలను నీటిలో ఒకటి ఉష్ణమాపకాలు ఉంటాయి. పలకలు కొలను కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు మాత్రమే కవాటం తెరుచుకుంటుంది. మబ్బు పట్టినా, పొద్దు గుంకినా మూసుకుంటుంది. వేసవిలో నీరు అతిగా వేడెక్కితే ఇదే ఏర్పాటును రాత్రిపూట నడిపి నీటిని చల్లార్చుకోవచ్చు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. పలకల నుండి తిరిగి వచ్చే నీరు చేతికి బాగా వేడిగా తగలకపోతే యంత్రం పనిచేయడం లేదని చాలామంది భ్రమపడతారు. వాస్తవానికి నీరు వేగంగా ప్రవహించి, రెండు మూడు డిగ్రీలు మాత్రమే వేడెక్కి రావడమే మేలు. పలక ఎంత చల్లగా ఉంటే గాలిలోకి పోయే వేడి అంత తక్కువ. కొద్ది వేడితో ఎక్కువ నీరు రావడం, ఎక్కువ వేడితో కొద్ది నీరు రావడం కంటే లాభదాయకం.

నీటిని కదిలించే విద్యుత్తు

నిలవనీరు చెడిపోతుంది. కొలను నీరు రోజుకు ఒకసారైనా మొత్తం వడపోతయంత్రం గుండా సాగాలి. ఇసుకతో నిండిన వడపోత తొట్టి నీటిలోని మలినాలను నిలిపివేస్తుంది. ఒక అశ్వసామర్థ్యం గల మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ విద్యుత్తును వాడుకుంటుంది. ఆరు గంటలు నడిస్తే ఆరు యూనిట్లు. ఈ ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌరఫలకాలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. కాబట్టి ఒకటిన్నర కిలోవాట్ ఫలకాలు, అనగా మిద్దెపై సుమారు ఎనిమిది చదరపు మీటర్ల స్థలం, ఈ మోటారుకు సరిపోతాయి. మోటారు పగలే నడుస్తుంది కనుక బ్యాటరీల అవసరం కూడా లేదు. ఎండ ఉన్న వేళలోనే నీటిని వేడెక్కించాలి, ఎండ ఉన్న వేళలోనే వడపోయాలి. ప్రకృతి, అవసరం ఇక్కడ ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి.

వేగాన్ని మార్చుకోగల మోటారు అయితే మరింత ఆదా అవుతుంది. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే నీటి ప్రవాహం సగమవుతుంది. కాని వాడే శక్తి మాత్రం సిద్ధాంతరీత్యా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. రెట్టింపు సేపు నడిపి అంతే నీటిని వడపోసినా, మొత్తం విద్యుత్తు నాలుగో వంతే అవుతుంది. ఆచరణలో లాభం ఇంతకంటే కొంత తగ్గినా, నిదానంగా ఎక్కువసేపు నడపడమే పొదుపు అన్న సూత్రం మారదు.

సౌరవిద్యుత్తుతోనే నీటిని కూడా వేడి చేయవచ్చునా అన్న సందేహం కలగవచ్చు. 20 చదరపు మీటర్ల సౌరఫలకాలు రోజుకు 20 యూనిట్లకు తక్కువగానే విద్యుత్తునిస్తాయి. అంతే స్థలంలో ఉష్ణగ్రాహక పలకలు 60 యూనిట్ల వేడినిస్తాయి. కనుక విద్యుత్తుతో నేరుగా కాచడం తెలివైన పని కాదు. కాని హీట్ పంపు అనే యంత్రం ఒక యూనిట్ విద్యుత్తుతో గాలిలోని వేడిని లాగి నాలుగైదు యూనిట్ల వేడిని నీటికి అందిస్తుంది. అది శీతలపెట్టె పనిని తలక్రిందులుగా చేసే యంత్రం. స్థలం తక్కువగా ఉన్నచోట సౌరఫలకాలు, హీట్ పంపు కలిసి చక్కగా పనిచేస్తాయి. అయితే యంత్రం వెల ఎక్కువ. ఖర్చు, స్థలం, వాడుక ఈ మూడింటినీ బేరీజు వేసుకొని నిర్ణయించుకోవాలి.

ఇంటి మిద్దెపై ఫలకాలు అమర్చుకొనేవారికి కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీని ప్రకటించింది. కొలనుకు వాడగా మిగిలిన విద్యుత్తు ఇంటి దీపాలకు, పంకాలకు ఉపయోగపడుతుంది. అంతకూ మిగిలినది నెట్ మీటరు ద్వారా విద్యుత్ సంస్థకు చేరి బిల్లులో తగ్గుతుంది. ఫలకాలపై దుమ్ము పేరుకుంటే దిగుబడి పడిపోతుంది. వాటిని ఎండ ఎక్కక ముందే మెత్తని గుడ్డతో, కొద్దిపాటి నీటితో తుడవాలి.

కప్పు చేసే మేలు

కొలను వేడి ఏ మార్గాన బయటికి పోతుంది? కొంత గాలిలోకి, కొంత నేలలోకి, కొంత రాత్రి ఆకాశంలోకి పోతుంది. కాని అన్నింటికంటే పెద్ద దొంగ ఆవిరి. కొలను కోల్పోయే వేడిలో సుమారు నూటికి డెబ్బై వంతులు ఆవిరి రూపంలోనే పోతుందని అంచనా. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల వేడి కావాలి. ఎండ, గాలి బలంగా ఉన్న రోజున కొలను మట్టం 5 మిల్లీమీటర్లు తగ్గిందనుకుంటే, పోయిన నీరు 160 లీటర్లు. దానితో పోయిన వేడి సుమారు 109 యూనిట్లు. 20 చదరపు మీటర్ల పలకలు రోజంతా శ్రమించి సంపాదించిన 60 యూనిట్ల కంటే ఇది చాలా ఎక్కువ!

దీనికి విరుగుడు సులభమైనది. ఈత ముగిసిన వెంటనే గాలిబుడగలు గల ప్లాస్టిక్ కప్పును నీటిపై పరచడమే. ఆ కప్పు వెలుగును లోనికి పంపుతుంది. ఆవిరిని పైకి పోనివ్వదు. కొలనులో మళ్ళీ నింపవలసిన నీటిలో నూటికి ముప్పై నుండి యాభై వంతుల వరకు అది ఆదా చేస్తుంది. లక్షల రూపాయల యంత్రాలు కొని, కప్పు కొనకపోవడం చిల్లికుండలో నీరు పోయడం వంటిది. సంపాదన కంటే సంరక్షణ ముఖ్యమన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నీటి లెక్క

ఇంతవరకు శక్తిని గురించి చెప్పుకున్నాం. పెద్దమండ్యం వంటి మెట్టసీమలో ఇంతకంటే పెద్ద ప్రశ్న మరొకటుంది. అది నీటి ప్రశ్న. బోరు వేసి నీరు పడక, మరొక బోరు వేసి అప్పులపాలైన రైతులు రాయలసీమలో కొల్లలు. ఇటువంటిచోట ఈతకొలను కోరుకోవడం ఉచితమేనా?

2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ గ్రామీణులకు మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లెక్కన 40,000 లీటర్లు నలుగురు గల కుటుంబానికి సుమారు ఆరు నెలల నీరు. కప్పు లేని కొలను నుండి రోజూ ఆవిరయ్యే 160 లీటర్లు దాదాపు ముగ్గురి దినావసరం. ఏడాదికి అది 58,000 లీటర్లను దాటుతుంది. అంటే కొలనులోని నీరంతా ఏడాదిలో ఒకమారు పూర్తిగా ఆవిరైపోయి, రెండవమారు సగం వరకు ఆవిరవుతుందన్నమాట. సూర్యుడు వేడిని ఉచితంగా ఇస్తాడు. కాని అదే సూర్యుడు నీటిని కూడా ఉచితంగానే తీసుకొనిపోతాడు. ఎండను మాత్రమే లెక్కించి నీటిని మరచినవాడు సగం లెక్క చేసినవాడే.

ఈ సీమలో నీటికి కరెంటు ఖరీదు కూడా కలిసి ఉంటుంది. లోతైన బోరు నుండి పైకి తోడే ప్రతి లీటరుకూ విద్యుత్తు కావాలి. కర్నూలు ప్రాంతంలోని మాల్యాల వద్ద మొదలై, పలు ఎత్తిపోతల మీదుగా కృష్ణాజలాలను రాయలసీమకు చేర్చే హంద్రీ–నీవా పథకం నీరు కూడా విద్యుత్తు బలంతో ఎక్కివచ్చిన నీరే. కాబట్టి ఇక్కడ నీటిని పొదుపు చేయడమంటే శక్తిని పొదుపు చేయడమే.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది వాననీటిని పట్టుకోవడం. వంద చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదిలో 600 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో నూటికి ఎనభై వంతులు పట్టుకున్నా 48,000 లీటర్లు సమకూరుతాయి. మిద్దెపై పడిన ఎండతో పంపును నడిపి, మిద్దెపై పడిన వానతో కొలనును నింపిన గృహస్థు ఊరి నీటికి భారం కాడు.

రెండవది ఒకే నీటిని రెండు పనులకు వాడడం. రాయలసీమ రైతులకు ఇది కొత్త కాదు. కరెంటు వచ్చినప్పుడు బోరునీటిని సిమెంటు తొట్టిలో నింపి, అక్కడినుండి మళ్ళకు పారించడం ఇక్కడి అలవాటు. ఆ తొట్టిలోనే పిల్లలు జలకాలాడతారు. చలికాలపు ఉదయాన బోరునీరు గోరువెచ్చగా ఉండడం అందరికీ అనుభవమే; భూగర్భంలో ఋతుభేదం అంతగా ఉండకపోవడమే దీనికి కారణం. 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన పి.ఎం. కుసుమ్ పథకం రైతులకు సౌర పంపుసెట్లను ప్రోత్సహించింది. సౌర పంపుతో తొట్టి నిండి, పిల్లలు ఈదిన పిమ్మట ఆ నీరు బిందుసేద్యం ద్వారా టమాటా మొక్కలకు చేరితే ఒక్క చుక్క కూడా వృథా కాదు. అట్టి తొట్టి నీటిలో రసాయనాలు కలపరాదు. నీరు ఎప్పటికప్పుడు మారుతుండాలి. శరీరం కడుగుకొన్న తరువాతనే దిగాలి. ఆ నీటిని మ్రింగరాదు.

స్థిరంగా నీరు నిలిపే కొలనుకు మాత్రం క్లోరిన్ తప్పనిసరి. పది లక్షల పాళ్ళ నీటికి ఒకటి నుండి మూడు పాళ్ళ క్లోరిన్ ఉండాలి. ఆమ్లక్షార సూచిక 7.2 నుండి 7.8 మధ్య ఉండాలి. సూర్యకాంతి క్లోరిన్‌ను త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది కనుక దానిని సాయంకాలం కలపడం మేలు. నీటిని వేడెక్కించే సూర్యుడే నీటిని శుద్ధిచేసే మందును హరిస్తాడన్న మాట మరువరాదు.

ప్రాణరక్షణ

ఈత విలాసం మాత్రమే కాదు. అది ప్రాణరక్షణ విద్య. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో బాలబాలికలు ఎందరో ఉన్నారు. వేసవి సెలవులలో చెరువులలో, కుంటలలో, క్వారీ గుంతలలో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు మన పత్రికలలో ఏటా కనిపిస్తాయి. పొలాలలోని నీటికుంటలకు ప్లాస్టిక్ పట్టా పరచడం వల్ల నీరు ఇంకదు. కాని తడిసిన పట్టా జారుతుంది. ఈత వచ్చినవాడు కూడా దానిపై పట్టు దొరకక పైకి రాలేకపోవచ్చు. అటువంటి కుంటల చుట్టూ కంచె, లోపలికి ముడులు వేసిన త్రాడు లేదా నిచ్చెన తప్పక ఉండాలి.

లోతు తెలిసిన, నీరు శుభ్రమైన, పెద్దలు కనిపెట్టి ఉండే ఒక చిన్న కొలను ఊరి బడికో, పంచాయతీకో ఉంటే ఎందరో పిల్లలు భయం లేకుండా ఈత నేర్చుకోగలరు. నలుగురు వాడే ఇంటి కొలనుకు, నాలుగు వందల మంది నేర్చుకొనే ఊరి కొలనుకు పట్టే నీటిలో కొంత తేడా ఉంటుంది. ప్రయోజనంలో మాత్రం ఎంతో తేడా ఉంటుంది. ఊరి కొలనుకు మిద్దె చాలకపోతే బడి కప్పు ఉంది. ఫలకాల నీడలో పిల్లలు విశ్రమించవచ్చు. సెలవు దినాలలో ఆ విద్యుత్తు తాగునీటి పంపుకు ఉపయోగపడుతుంది.

ముగింపు

సూర్యుడు ఎవరి ఇంటినీ విడిచిపెట్టడు. పూరింటిపైనా, మేడపైనా ఒకే విధంగా వెలుగుతాడు. ఆ వెలుగును పట్టుకొనే ఉపాయం నేడు సామాన్యునికి కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే ఉపాయం తెలిసినంత మాత్రాన చాలదు. అపాయం కూడా తెలియాలి. కొలనుకు తగిన స్థలాన్ని ఎన్నుకోవడం, ఆవిరిని అరికట్టే కప్పును వాడడం, గాజు లేని పలకలతో నీటిని వెచ్చబరచడం, నిదానంగా నడిచే పంపును సౌరవిద్యుత్తుతో నడపడం, వాననీటితో కొలనును నింపడం అనే ఐదు సూత్రాలను పాటించినవారికి కొలను భారం కాదు. నీరు కొరవడిన సీమలో మొదట దాహానికి, తరువాత పంటకు, ఆ పైన క్రీడకు అన్న క్రమాన్ని మాత్రం ఎన్నడూ తప్పరాదు. ఎండను సంపదగా, నీటిని ప్రాణంగా ఎంచి రెండింటినీ సమతూకంతో వినియోగించుకోవడం నేటి విద్యార్థులు అలవరచుకోవలసిన వివేకం.

కఠిన పదాలకు అర్థాలు

తేజస్సు : వెలుగు, అగ్ని
శైశవం : పసితనం
పుటాకార దర్పణం : లోపలికి వంగిన అద్దం
ఉష్ణగ్రాహకం : వేడిని గ్రహించేది
కవాటం : తలుపు, ఇక్కడ నీటిని మళ్ళించే వాల్వు
అశ్వసామర్థ్యం : హార్స్ పవర్
బేరీజు : అంచనా, పోల్చి చూడడం
ఉచితం : తగినది, వెల లేనిది
బిందుసేద్యం : చుక్కచుక్కగా నీరందించే సాగు

అభ్యాసం

క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటి కొలనును వేడెక్కించడానికి ఉష్ణగ్రాహక పలకలు ఏ విధంగా తోడ్పడతాయో వివరించండి.
2. మెట్టప్రాంతంలో ఈతకొలనుకు సంబంధించిన నీటి లెక్కను చర్చించండి.

క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొలనుకు గాజు లేని పలకలు ఎందుకు తగినవి?
2. కొలనుపై కప్పు పరచడం వల్ల కలిగే లాభాలేవి?
3. పొలాలలోని నీటికుంటల వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ధర్మరాజు సూర్యుని ఆరాధించి దేనిని పొందాడు?
2. వెలుగు వల్ల విద్యుత్తు పుడుతుందని 1839లో కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు?
3. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే శక్తి ఎన్నో వంతుకు తగ్గుతుంది?